పండగ ఇంట్లో చావు కబురు

(సికింద్రాబాద్‌లో ఒక చర్చి హాల్లో డిసెంబర్ మొదట్లో జరిగిన స్త్రీల కూడికలో రిటైరైన ఒక స్టాఫ్ నర్సు మాట్లాడిన మాటలు. ఫోన్ రికార్డింగ్ విని రాసింది, మాట తీరు మార్చలేదు.)

అందరికీ వందనాలు. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తుందా? చేయెత్తండమ్మా... ఆ సరే, ఈ మైక్ కొంచెం గీపెడుతుంది, ఇయ్యాల్టికి భరించండి. అయ్యగారు ఫోన్ చేసి సిస్టర్ మీరు ఈసారి కూడికలో నాలుగు మాటలు చెప్పాలి అన్నారు, నేను వాక్యం చెప్పేదాన్ని కాదు అయ్యగారూ, నా సర్వీసంతా గవర్నమెంట్ ఆస్పత్రి క్యాజువాల్టీలోనే పోయింది, నాకు తెలిసింది అదొక్కటే అంటే, అయితే అదే చెప్పండి అన్నారు. ఇంట్లో ఈ సంగతి చెప్తే మా ఆయన, పండగ పూట చావు ముచ్చటేందే, కేక్ గురించి చెప్పరాదు అన్నాడు. కేక్ గురించి చెప్పడానికి నాకంటే పెద్దోళ్ళు ఇక్కడ చాలామంది కూర్చున్నారు. (నవ్వులు)

కానీ డిసెంబర్‌లోనే ఎందుకు చెప్తున్నా అంటే దానికి కారణం ఉంది. స్వీడన్ దేశంలో డాక్టర్లు 1998 నుంచి 2013 దాకా వచ్చిన గుండెపోటు కేసులన్నీ, రెండు లక్షల ఎనభై వేలకు పైనే, వరసపెట్టి చూశారు. క్రిస్మస్ ముందు రోజు, 24వ తారీఖు, మామూలు రోజులకంటే 37 శాతం ఎక్కువ వచ్చాయంట, అదీ రాత్రి పది గంటల టైమ్‌లో బాగా ఎక్కువ. వాళ్ళకి అసలు పండగ 24 రాత్రే. చలి ఒకటే కారణం కాదు, అలసట, టెన్షన్, తిండి, మందు, ఇంట్లో మాటా మాటా అనుకోవడం, అన్నీ కలుస్తాయి. మన హైదరాబాద్‌లో అట్లాంటి లెక్క నాకు కనబడలేదు గానీ, లెక్క లేకపోయినా క్యాజువాల్టీలో డిసెంబర్ ఆఖరి వారం డ్యూటీ ఎట్ల ఉంటుందో మా సిస్టర్లనెవర్ని అడిగినా చెప్తారు. అన్నిటికంటే ఎక్కువ విన్న మాట ఒకటి ఉంది, "పండగ అయ్యాక చూపిద్దాం అనుకున్నాం సిస్టర్" అని. పొద్దున్నుంచి ఛాతీ బరువుగా ఉందంట, గ్యాస్ అనుకున్నారంట, ఇంటి నిండా చుట్టాలు, వాళ్ళ ముందు ఆస్పత్రి అంటే ఏం బాగుంటుందని ఊరుకున్నారంట.

ఇప్పుడు చెప్పబోయే కుటుంబం కూడా అట్లాంటిదే. పేరు, ఏరియా చెప్పను, ఆ ఇంటి ఇల్లాలు, ఆ అమ్మ చెప్పమంటేనే చెప్తున్నా. ఆయనకి యాభై దాటాయి, రైల్వేలో పని. 23వ తారీఖు సాయంత్రం. క్యారల్స్ పిల్లలు రాత్రికి వాళ్ళింటికి రావాలి, వాళ్ళకి ఇవ్వడానికి ఈమె రవ్వ లడ్డూలు చేసిపెట్టింది, ఈయన పైన స్టార్ కట్టి కిందికి దిగి చెమటలు పట్టి కూర్చున్నాడు. ఎడమ చెయ్యి లాగుతుందంటే కుర్చీ మీద నిలబడి చేతులు ఎత్తి కట్టావు గదా అందుకే అనుకున్నారు. అనుకోరా మరి? మనమైనా అదే అనుకుంటాం. ఆమె ఆస్పత్రికి పోదాం అంటే క్యారల్స్ వచ్చి పోనీ, పిల్లలు ప్రార్థన చేస్తారు పోతుందిలే అన్నాడు. పిల్లలు వచ్చారు, డప్పు కొట్టారు, పాట పాడారు, క్రిస్మస్ తాత వేషం వేసిన పిల్లగాడు ఈయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. వాళ్ళు గేటు దాటి పక్క వీధికి పోయారో లేదో ఈయన సోఫాలో ఒరిగిపోయాడు.

108కి చెయ్యకుండా కార్లో వేసుకుని పోయారు. దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేట్ ఆస్పత్రికి పోతే కార్డియాలజిస్ట్ సెలవు, ఇంకో చోటికి పొమ్మన్నారు, రెండో చోట బ్రాట్ డెడ్, అంటే తెచ్చేలోపే ప్రాణం పోయింది అన్నారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెప్తా. మనిషి పడిపోయి పిలిచినా పలక్కుండా, శ్వాస సరిగ్గా లేకపోతే, ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి, ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కుతూ ఉండాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, లోపలికి రెండంగుళాల లోతు దిగాలి, పక్కటెముక విరుగుతుందేమో అని భయపడొద్దు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు, చేతులు నొప్పి పుడితే మనిషి మారండి. టూ వీలర్ మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవడం మాత్రం దయచేసి మానండి. నొక్కితే ఆయన బతికేవాడా అని ఆ అమ్మ నన్ను అడిగింది, ఎవరూ చెప్పలేరు అన్నా, అది నిజమే, ఓదార్పుకి చెప్పిన మాట కాదు.

సరే. బ్రాట్ డెడ్ అన్నాక ఏం జరుగుతుందో మనోళ్ళకి చాలామందికి తెలవదు. ఆస్పత్రికి వచ్చేలోపే ప్రాణం పోతే కారణం తెలియని చావు కింద మెడికో లీగల్ కేసు రాస్తారు, పోలీసులకి కబురు పంపుతారు. స్టేషన్ నుంచి వచ్చి పంచనామా చేస్తారు, ఇదివరకు సీఆర్పీసీ చట్టంలో 174 సెక్షన్ అనేవాళ్ళం, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టంలో 194 అయింది. తర్వాత గాంధీ ఆస్పత్రిలోనో ఉస్మానియా ఆస్పత్రిలోనో పోస్ట్‌మార్టం. ఇంటివాళ్ళేమో మా ఆయన్ని మేము చంపామా ఏంటి అని ఏడుస్తారు, గొడవ పెట్టుకుంటారు. అట్ల కాదమ్మా, డాక్టర్ ముందెప్పుడూ చూడని మనిషి, కారణం ఏదని రాస్తాడు? పాత గుండె జబ్బు ఉండి, ఎప్పుడూ చూసే డాక్టర్ ఉంటే, అనుమానం ఏమీ లేకపోతే, ఆ డాక్టరే కారణం రాసి ఫారం ఇవ్వొచ్చు, ఇంట్లో పోతే 4ఏ, ఆస్పత్రిలో పోతే 4. అందుకే పాత ఈసీజీలు, మందుల చీటీలు అన్నీ ఒక కవర్లో పెట్టి బీరువాలో అందరికీ తెలిసేచోట ఉంచండి అని నేను పోరేది. యాక్సిడెంట్ అయితే మాత్రం తప్పించుకునే దారే లేదు, పోస్ట్‌మార్టం ఉంటుంది, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోవాలి, అది లేకపోతే ఇన్సూరెన్స్‌కి తిరగలేరు. ఇప్పుడు సెలవులకి విజయవాడ హైవే మీద రాత్రంతా డ్రైవ్ చేసుకుంటూ ఊళ్ళకి పోతారు గదా, అందుకు చెప్తున్నా.

రాత్రి పూట పోస్ట్‌మార్టం చెయ్యరు అనేది పాత సంగతి. 2021 నవంబర్‌లో సెంట్రల్ గవర్నమెంట్ మార్చింది, లైట్లు, సౌకర్యాలు ఉన్న ఆస్పత్రుల్లో చీకటి పడ్డాక కూడా చెయ్యొచ్చు, హత్య, ఆత్మహత్య, అనుమానం ఉన్న కేసులు తప్ప. అన్ని చోట్లా చేస్తారని కాదు, అడగడంలో తప్పులేదు అంటున్నా. వీళ్ళ కేసులో 24 మధ్యాహ్నం దాకా పట్టింది. మార్చురీ బయట సిమెంట్ దిమ్మె మీద ఆమె, పక్కన డిగ్రీ చదివే కొడుకు, వాడి చేతిలో ఫోను, ఆ ఫోనులో నిమిషానికోసారి మెర్రీ క్రిస్మస్ అంకుల్ అని మెసేజులు, ఎందుకంటే అది నాన్న ఫోను.

మన సంఘం వాళ్ళు ఏం చేశారో కూడా చెప్పాలి, మంచీ చెడూ రెండూ. మంచి చేసిన వాళ్ళు ముగ్గురే. ఒకాయన ఏమీ మాట్లాడకుండా స్టేషన్‌లో కాగితాలన్నీ తనే చూసుకున్నాడు. ఒకామె ఇంటికి పోయి, ఆ సోఫా సర్ది, పొయ్యి మీద సగం కలిపి వదిలేసిన బిర్యానీ మసాలా తీసి, గిన్నెలు కడిగి, ముసలమ్మకి, అంటే ఆయన తల్లికి, షుగర్ మాత్ర వేయించి అన్నం పెట్టింది. ఒక కుర్రోడు ఆ ఫోను తీసుకుని, వాట్సాప్‌లో అందరికీ వాడే జవాబు పెట్టాడు. అంతే. మిగతా వాళ్ళం ఏం చేశాం? పోయి చుట్టూ కూర్చున్నాం. ఎట్ల అయింది, ఎన్ని గంటలకి అయింది, ముందు చెప్పలేదా, ఈసీజీ తీయించలేదా. ప్రతి వచ్చినామెకీ ఆమె మొదట్నుంచి చెప్పాలి, ఎన్నిసార్లు చెప్తుంది? పండగ పూట పోయాడంటే ఎంత ధన్యుడో అని ఒకరు. పైనుంచి ఇంకొకరు ఇదంతా దేవుని చిత్తం ఏడవకమ్మా అంటారు, ఎందుకు ఏడవకూడదు, లాజరు సమాధి దగ్గర ప్రభువే ఏడ్చాడని ప్రతి బరియల్‌లో మనమే చదువుతాం గదా.

స్టార్ గురించి పెద్ద చర్చ అయింది. నమ్ముతారో లేదో, శవం ఇంకా మార్చురీలోనే ఉంది, ఇక్కడ వాకిట్లో ఆడవాళ్ళు స్టార్ తీసెయ్యాలి లైట్లు ఆపెయ్యాలి అని ఒక పార్టీ, వద్దు, పండగ కాబట్టి ఉండాలి అని ఇంకో పార్టీ. ఒకాయన నిచ్చెన కూడా తెచ్చాడు. ఆమె వచ్చి చూసి, అది ఆయన కట్టింది, నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దు అంది. చాన్నాళ్ళు ఉంచింది, సంక్రాంతి దాటాక కూడా వెలుగుతూనే ఉంది ఆ స్టార్, దాని గురించి కూడా కొందరు చెవులు కొరుక్కున్నారు. నేను ఇంతదూరం వచ్చి చెప్పాలనుకున్నది ఇదే అమ్మా, ఇంకేం లేదు. పండగ ఆపాలా, చెయ్యాలా, కొత్త బట్టలు కట్టాలా, గుడికి పోవాలా, కేక్ కొయ్యాలా, ఇది ఆ ఇంటివాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం, అందులో మనకి ఓటు లేదు. మనకి వచ్చిన పని వేరే, వాళ్ళ చేతుల్లో ఉన్న చాకిరీ లాక్కుని మనం చెయ్యడం.

ఆ చాకిరీ పండగప్పుడు రెండింతలు. ఎందుకంటే 25 సెలవు, 26 కూడా మన తెలంగాణలో సెలవే, మధ్యలో ఆదివారం తగిలితే ఇగ చూసుకోండి. శవపెట్టె చేసే షాపు మూసి ఉంటుంది. సమాధి తవ్వే వాళ్ళు కూడా మనలాంటి వాళ్ళే, వాళ్ళకీ పిల్లలు, పండగ ఉంటుంది. నారాయణగూడ సమాధుల తోట అయినా బోయిగూడ అయినా చోటు కష్టమని మీకు తెలిసిందే, చాలామందిమి తాతలదో అమ్మమ్మలదో పాత సమాధే తెరిపిస్తున్నాం, దానికి కమిటీ దగ్గర పర్మిషన్, పాత రసీదు, ఎవరి పేరు మీద ఉందో ఆ కాగితం కావాలి. 24 రాత్రి ఆ రసీదు ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? పోయినాయనకే తెలుసు. నవ్వుతున్నారు గానీ నిజం. ఇయ్యాల ఇంటికి పోయి ఆ రసీదు వెతికి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

వీళ్ళ అమ్మాయి అమెరికాలో. టికెట్ రేట్లు పండగప్పుడు ఎట్ల ఉంటాయో చెప్పక్కర్లేదు, డబ్బు సర్దుకున్నా ఆ పిల్లకి వీసా స్టాంపింగ్ లేదు, ఒకసారి వస్తే మళ్ళీ పోవడం ఎప్పుడో. వస్తానంటే తల్లి వద్దంది. 26న బరియల్ యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, ఆ పిల్ల అక్కడ అర్ధరాత్రి చూసింది. రాలేదని ఆ పిల్లని అన్న నోళ్ళు ఉన్నాయి. లైవ్ పెట్టే కుర్రోళ్ళకి నాదొక మనవి, కెమెరా పెట్టె మీదే అరగంట పెట్టకండి, వచ్చిన మనుషులని చూపించండి, దూరాన ఉన్న పిల్లకి నాన్న కోసం ఎవరెవరు వచ్చారో కనబడాలి గదా. అట్లనే వాక్యం చెప్పే పెద్దలకి కూడా, ఇక్కడే ఉన్నారు కాబట్టి చెప్తున్నా, అయ్యగారు ఏమీ అనుకోరు, ఎండలో పెట్టె పక్కన ముప్పావు గంట ప్రసంగం వద్దు. పది నిమిషాలు చాలు. (చప్పట్లు) చూశారా, అందరూ ఇదే అనుకుంటున్నారు, నాతో చెప్పించారు.

కళ్ళ సంగతి మర్చిపోయేలా ఉన్నా. నేత్రదానం ఆరు గంటల లోపల అవ్వాలి. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళ రామాయమ్మ ఐ బ్యాంక్ ఉంది, ఫోన్ చేస్తే వాళ్ళే ఇంటికి వస్తారు, పావు గంట ఇరవై నిమిషాల పని, ముఖం వికారంగా అవ్వదు, అద్దాలున్నా, క్యాటరాక్ట్ ఆపరేషన్ అయినా తీసుకుంటారు. వాళ్ళు వచ్చేదాకా రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపెయ్యాలి. పోలీసు కేసైనా ఇవ్వొచ్చు, ముందు పోలీసులతో, డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. బ్రెయిన్ డెడ్ అయినప్పుడు అవయవాల దానం సంగతి వేరే, అది మన గవర్నమెంట్ అవయవ దానం పథకం జీవన్‌దాన్ వాళ్ళు చూస్తారు, అది ఐసీయూలో ఉన్నప్పుడే అడుగుతారు. ఇస్తారా ఇవ్వరా మీ ఇష్టం. కానీ ముందే ఇంట్లో మాట్లాడుకుని ఉంటే ఆ టైమ్‌లో అన్నదమ్ములు కొట్టుకోకుండా ఉంటారు.

ఇంకోటి. అందరూ పోయినాయన గురించే చూస్తారు, పక్కన కూర్చున్న ఆమె గురించి ఎవరూ చూడరు. అమెరికాలో గుండెపోటు వచ్చిన దాదాపు రెండు వేల మందిని అడిగి 2012లో ఒక లెక్క తీశారు, దగ్గరి మనిషి పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు వచ్చే ప్రమాదం మామూలు కంటే 21 రెట్లు ఉందంట. నిద్ర లేదు, నీళ్ళు తాగదు, బీపీ మాత్ర మర్చిపోతుంది, ఏడ్చి ఏడ్చి ఛాతీ నొప్పి అంటే దుఃఖం అంటాం. దుఃఖం కూడా కావచ్చు, గుండెపోటు కూడా కావచ్చు, చూపించాలి. ఆ ఇంట్లో ఒక మనిషికి ఇదే డ్యూటీ ఇయ్యండి, ఆమె మాత్రలు, ఆమె నీళ్ళు, ముసలమ్మ మాత్రలు. నేను ఆ రెండు రోజులు చేసింది అదే, ప్రార్థన చేసే వాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను బీపీ మెషీన్ తీసుకుని పోయా.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తా, ముసలోళ్ళకి టీ టైమ్ అవుతుంది. చావు 21 రోజుల లోపల రిజిస్టర్ చేస్తే ఫీజు లేదు, ఆస్పత్రిలో పోతే వాళ్ళే పంపాలి, ఇంట్లో పోతే మనం పోవాలి. నెల దాకా లేట్ ఫీజు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ దాకా పోతుంది. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎక్కువ తీసుకోండి, బ్యాంకు, ఎల్ఐసీ, పెన్షన్, కరెంట్ మీటర్, సిమ్, అందరూ అడుగుతారు. ఆయన ఏటీఎం కార్డుతో డబ్బులు తీయకండి, పిన్ తెలిసినా, రేపు మిగతా వారసులతో పేచీ. బ్యాంకు పాస్‌బుక్ తీసి మే నెల చివర్లో 436 రూపాయలు కట్ అయిందా చూడండి, అయితే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టు, రెండు లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయితే అది యాక్సిడెంట్‌ది. ప్రైవేట్ ఉద్యోగం చేసి పీఎఫ్ ఉంటే దాంట్లోనే ఇన్సూరెన్స్ ఉంటుంది, జీతాన్ని బట్టి ఏడు లక్షల దాకా. ఇవి అడిగితేనే వస్తాయి, ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు.

ఏమన్నా అడగాలంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

(సభలో ఒకరు: చిన్నపిల్లలకి ఎట్ల చెప్పాలి ఆంటీ?)

ఉన్నది ఉన్నట్టు. తాతయ్య ఊరికి పోయాడు అనొద్దు, పడుకున్నాడు అనొద్దు, ఆ పిల్ల రాత్రి పడుకోవడానికి భయపడుతుంది, లేకపోతే ఊరికి పోయిన తాత నా క్రిస్మస్ గిఫ్ట్ తెస్తాడని గేటు దగ్గర నిలబడుతుంది. తాతయ్య గుండె ఆగిపోయింది, చనిపోయాడు, మళ్ళీ రాడు అని చెప్పండి. ఐదారేళ్ళ లోపు పిల్లలకి మళ్ళీ రాడు అనేది అర్థం కాదు, పదిసార్లు అడుగుతారు, పదిసార్లూ అదే చెప్పండి. ఒక నిమిషం ఏడ్చి మరునిమిషం ఆడుకుంటారు, దానికి కొట్టొద్దు. వాళ్ళకి చెప్పాల్సిన ఇంకో మాట, నువ్వు అల్లరి చేసినందుకు ఇట్ల కాలేదు అని. పిల్లలు లోపల అట్ల అనుకుంటారు, బయటికి చెప్పరు.

(ఇంకొకరు: మరి వచ్చే సంవత్సరం పండగ...)

మంచి ప్రశ్న అక్కా. మొదటి ఏడాది మనం ఆదరణ కూడిక పెట్టి, బియ్యం పంపి, అన్నీ చేస్తాం. రెండో డిసెంబర్‌కి అందరూ మర్చిపోతాం, వాళ్ళకి మాత్రం క్యారల్స్ డప్పు వినబడగానే కడుపులో తిప్పుతుంది. ఆ అమ్మ పోయినేడు క్యారల్స్ పిల్లలని మా ఇంటికి రావొద్దు అని చెప్పించింది, ఇంకో ఏడాది చూస్తా అంది. రమ్మని బలవంతం చెయ్యలేదు మనవాళ్ళు, నాకు సంతోషమైంది. కానీ డప్పు ఆపి ఆ వీధి మొత్తం వదిలేసి పోవడం కూడా కాదు, ఒకరిద్దరు మామూలుగా పోయి కూర్చోండి, ఆయన పేరెత్తండి, ఆయన స్టార్ కట్టిన సంగతే మాట్లాడండి, ఏడుస్తుందేమో అని భయపడకండి. ఆర్నెల్లు, ఏడాది దాటినా మనిషి లేవకపోతే, తినకపోతే అప్పుడు డాక్టర్ దగ్గరికి, చచ్చిపోతా అంటే మాత్రం ఎప్పుడైనా సరే వెంటనే. 14416 అని టెలి మానస్ నంబర్ ఉంది, గవర్నమెంట్‌ది, ఫ్రీ, రాత్రి పగలు ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అయ్యగారు వాచీ చూసుకుంటున్నారు. ఒక్క పని ఉంది, అది అయ్యాకే టీ. 23 నుంచి జనవరి ఒకటి దాకా సగం సంఘం గుంటూరు, నల్గొండ, మెదక్ పోతారు, ఫోన్ చేస్తే ఎవరూ ఊళ్ళో ఉండరు. ఇక్కడే ఉండే వాళ్ళ పేర్లు ఈ నోట్‌బుక్‌లో రాసుకుందాం, ఏ రాత్రికి ఎవరు, ఇద్దరిద్దరు, ఒకరికి బండి ఉండాలి, ఒకరికి పోలీస్ స్టేషన్‌లో మాట్లాడే నోరు ఉండాలి. 23కి నేను, మా ఆయన. 24 రాత్రి? అందరూ కిందికి చూస్తున్నారు. ఆ, నువ్వా తమ్ముడూ, కారుందా? సరే రాసుకోండమ్మా. ఇంకొకరు కావాలి 24కి, మాట్లాడేవాళ్ళు... మీరా అక్కా, మీకు నోరు ఉందా అని ఎవరూ అడగరులే. (నవ్వులు) 25 పగలు ఎవరు?